ఆదివారం బస్సు ఎక్కనివాళ్ళు

ఏం ఉద్యోగం చేస్తావని ఎవరైనా అడిగితే, జనాన్ని నిన్న ఎక్కడికెళ్ళారని అడుగుతుంటానని చెబుతాను. నవ్వుతారు. నిజానికి అంతే. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎందుకు, దేనిమీద, ఎంతసేపు. ఈ ఐదు ప్రశ్నలూ అడిగి, జవాబులు గళ్ళలో నింపి, ఆ గళ్ళు కూడి, ఫలానా రోడ్డు వెడల్పు చెయ్యాలనో ఫలానా బస్సు దండగనో తేల్చే చదువు నాది. రవాణా పరిశోధన అంటారు. ఇప్పుడు ఒక పెద్ద నగరంలో పిల్లలకి అదే పాఠం చెబుతున్నాను. సిగ్నళ్ళ దగ్గర కెమెరాలే బళ్ళని లెక్కపెడతాయి. నేను ఏసీ గదిలో కూర్చుని తెర మీద చూస్తాను. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

అలా మాట్లాడక్కర్లేకపోవడమే నాకు బాధ. తెర మీద బళ్ళు చీమల్లా పోతుంటే నాకు ఒక కొండదారి గుర్తొస్తుంది. దారి సన్నం కాబట్టి పక్కపక్కన నడవలేం. ముందు ఒకామె, వెనక నేను. ఆమె వెనక్కి తిరక్కుండానే మాట్లాడుతుంటుంది. నేను ఆమె వీపుకేసి చూస్తూ వింటుంటాను. పదేళ్ళు దాటిపోయింది. ఆ వీపు వెనకాల నడవాలని నాకు ఎంత కోరికో చెప్పలేను. చెప్పడానికి మొహం చెల్లదు కూడా. ఎందుకో చెబుతాను.

అప్పుడు నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది విజయనగరం పక్క పల్లపు ఊరు. అరకంటే మాకు కిరండూలు రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, బొంగు చికెన్ తిని, ఫోటోలు తీసుకుని దిగిపోయే చోటు. ఆ అరకు దాటాక ఇంకా అన్ని కొండలున్నాయని, ఆ కొండల్లో మనుషులు మన ఫోటోల కోసం కాక వాళ్ళ పనుల కోసం తిరుగుతుంటారని నాకు పాతికేళ్ళొచ్చేదాకా తట్టలేదు.

ముంచింగిపుట్టు నుంచి ఒడిశా వైపున్న ఒక చివరి ఊరి దాకా ఒక చిన్న బస్సుని ఆ ఏడు మూడు నెలలు ప్రయోగంగా నడిపారు. పొద్దున ఆ చివరి ఊరి నుంచి ముంచింగిపుట్టు వస్తుంది, సాయంత్రం తిరిగి వెళ్తుంది. టికెట్టు లేదు. టికెట్టు లేదు కాబట్టి ఎక్కడ ఎంతమంది ఎక్కుతున్నారో కాగితం మీద ఎక్కడా లేదు. ఆ లెక్క తీసి, బస్సు ఏ దారిన పోవాలో చెప్పే పని మా డిపార్ట్‌మెంటుకి వచ్చింది. మా గైడు దాన్ని నా నెత్తిన పెట్టారు. అసలు తేలాల్సింది ఒకటే. దారి మధ్యలో ఒక మలుపుంది. ఆ మలుపు చుట్టూ తిరగాలంటే బస్సుకి చాలా దూరం ఎక్కువ. మలుపుకి చాలా ఎడంగా, కింద నుంచి దగ్గర దారి ఉంది. మలుపు దగ్గర జనం ఎక్కితే బస్సు అటు తిరుగుతుంది, ఎక్కకపోతే దగ్గర దారిన పోతుంది.

మలుపు నుంచి గంటసేపు కొండెక్కితే ఇరవై గడపల ఊరు. ఇంటింటి సర్వే కోసం నేను అక్కడ ఉండాలి. ఉండటానికి చోటిచ్చింది ఆమె. ముప్పై ఏళ్ళుంటాయేమో. భర్త నెలలో సగం రోజులు దూరంగా కాఫీ తోటల్లో పనికి పోతాడు. ఇంట్లో కాళ్ళు పడిపోయిన మావగారు. ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్ళ పిల్ల. ఆ ఏడే ముంచింగిపుట్టు ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేశారు. ఇంట్లో వాళ్ళ భాష మాట్లాడుకునేవాళ్ళు, నాతో తెలుగు. నేను అక్కా అన్నాను. ఆమె మొదటి వారం మేడం అంది, రెండో వారం అమ్మా అంది, మూడో వారానికి సెల్లీ అంది. ఇంట్లో ఉన్నది ఒకటే మంచం. మొదటి రోజే అది నాకిచ్చి తను నేల మీద చాప వేసుకుంది. నేను ఒకసారి వద్దన్నాను, రెండోసారి వద్దనలేదు, ఆ తర్వాత అది నా మంచమే అయిపోయింది. మనిషి ఎంత బేగి అలవాటు పడిపోతుందో.

మొదటి రోజు ఫారం తీసి ఎంతో వినయంగా అడిగాను.

"అక్కా, నిన్న ఎక్కడికైనా వెళ్ళారా?"

"ఎక్కడికీ ఎల్లనేదు."

"ఇంట్లోనే ఉన్నారా?"

"ఇంట్లో ఉంటే ఎలాగ? పొద్దుట నీలకెల్లినాను. కొండ మీద చేనుకెల్లినాను. మా సిన్నమ్మకి జొరమంటే ఆ పక్కూరెల్లినాను. మాపిటికి కర్రలకెల్లినాను."

"మరి ఎక్కడికీ వెళ్ళలేదన్నారు?"

"అదంతా ఎల్లడమేటి మేడం? అది మా కొండే గదా." అని నా మీద జాలిపడ్డట్టు చూసింది.

ఆ జవాబు నాకు తెగ నచ్చింది. అదే నా కొంప ముంచింది. ఆ జవాబు పట్టుకుని నేను ఒక సిద్ధాంతం అల్లేశాను. వీళ్ళకి నడక ప్రయాణం కాదు, బతుకులో భాగం. వీళ్ళు నడుస్తూ మాట్లాడుకుంటారు, నడుస్తూ పెళ్ళి సంబంధాలు కుదుర్చుకుంటారు, నడుస్తూ తగువులు తీర్చుకుంటారు. ఇలా నోటుబుక్కు నిండా రాసుకుని మురిసిపోయేదాన్ని. అందులో అబద్ధం లేదు కూడా. పొద్దున్నే చేనుకు పోతూ "సెల్లీ, బేగి నడు, ఎండెక్కిపోద్ది" అని అక్క తొందరపెట్టేది. దారంతా ఏదో ఒకటి చెప్పేది. ఏ చెట్టు ఎవరి తాత నాటాడో, ఏ బండ మీద ఎవరి కాలు విరిగిందో, మొగుడితో మొదటిసారి ఎక్కడ పోట్లాడిందో. మా అమ్మ కూడా నాతో అన్ని మాటలు ఎప్పుడూ చెప్పలేదు.

కానీ అక్కకి నడక ఎంత ఇష్టమైనా, ఆదివారం మాత్రం బస్సే కావాలి. ఎందుకంటే ఆదివారం కూతుర్ని చూసే రోజు. హాస్టల్లో పది నుంచి పన్నెండు దాకా అమ్మానాన్నల్ని రానిస్తారు. పన్నెండుకి పిల్లలు భోజనానికి లేస్తారు, గేటు వేసేస్తారు. మలుపు నుంచి ముంచింగిపుట్టుకి నడిస్తే నాలుగు గంటలు, ఇంటి నుంచి అయితే ఐదు. అక్క తెల్లారాక లేచి, మావగారికి ఒళ్ళు తుడిచి, అంబలి పట్టి, మేకల్ని విప్పి బయల్దేరాలి. నడిస్తే పన్నెండు దాటిపోతుంది. బస్సయితే ఎనిమిదిన్నరకి మలుపు దగ్గర ఎక్కి తొమ్మిదిన్నరకల్లా గేటు ముందుంటుంది. ఆ ఊళ్ళో హాస్టలు పిల్లల తల్లులు, తండ్రులు ఏడెనిమిది మంది ఉండేవాళ్ళు. అందరికీ అదే లెక్క.

ఒక ఆదివారం నేనూ వాళ్ళతో వెళ్ళాను. చిన్న బస్సు కిక్కిరిసిపోయింది. నాకు సీటిచ్చారు. ఒక ముసలాయన నిలబడి ఉంటే నేను లేచి కూర్చోబెట్టాను. పెద్ద గొప్పగా. ఘాట్‌రోడ్డు మీద నాలుగో మెలిక తిరిగేసరికి కడుపులో తిప్పి, కిటికీ దాకా పోలేక అక్కడే కక్కేశాను. అక్క తన కొంగుతో నా మూతి తుడిచింది. బస్సంతా నన్ను చూసి నవ్వుకుంది. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను.

హాస్టలు గేటు లోపల ఒక పనసచెట్టు కింద కూర్చున్నాం. పిల్ల పరిగెత్తుకొచ్చి తల్లి ఒళ్ళో కూలబడింది. అక్క ముందు పిల్ల జడ విప్పేసింది. పేలు చూసింది. మూటలోంచి నూనె సీసా తీసి మాడుకి పట్టించింది. చిక్కు తీసి, రెండు పాయలు చేసి, రిబ్బన్లు పెట్టి బిగించి అల్లింది. ఆ గంటసేపూ పిల్ల కాల్చిన పనసగింజలు నములుతూ వారమంతా జరిగింది చెబుతూనే ఉంది. ఎవరు తిట్టారు, ఎవరు పెన్సిలు ఎత్తుకుపోయారు, కూరలో పురుగు ఎవరికి వచ్చింది. పిల్ల జడ అయ్యాక అక్క నావైపు తిరిగి "ఇలాగ రా" అంది. నా జుట్టు కూడా విప్పి నూనె రాసి జడ వేసింది. నేను కూడా హాస్టల్లో పెరిగినదాన్నే. నా జడ ఇంకొకరు వేసి పద్నాలుగేళ్ళయింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. జుట్టు లాగినందుకని అక్కతో బొంకాను.

ఆ రోజే అనుకున్నాను, ఈ బస్సు మలుపు దగ్గర ఆగాల్సిందేనని. ఆగితీరాలని.

మా చదువులో లెక్క తియ్యడానికి ఒక పద్ధతి ఉంది. మామూలు రోజుల్లో తియ్యాలి. మామూలు రోజంటే మంగళ, బుధ, గురువారాలు. సంత రోజు పనికిరాదు, ఆదివారం పనికిరాదు, పండగ పనికిరాదు. నగరాల్లో అది సబబే. కొండల్లో జనం ఊరు దాటేదే సంతకీ, పిల్లల్ని చూడటానికీ అయితే, మంగళవారం బస్సులో ఎవరుంటారు? డ్రైవరూ, లెక్కపెట్టే మేమూ. గైడుతో వారం రోజులు పోట్లాడాను. పద్ధతి అనేది ఒకటుంటుందమ్మా అన్నారు. నేను పట్టు వదల్లేదు. చివరికి తల ప్రాణం తోకకొచ్చాక ఒక్క ఆదివారానికి ఒప్పుకున్నారు. "ఒక్కటే. ఆ రోజు ఎంత వస్తే అంత. మీరు వాళ్ళకి ఏమీ చెప్పకూడదు, ఎక్కమనకూడదు, దిగమనకూడదు. ఆ ఊరివాళ్ళంటే మీకు అభిమానం ఎక్కువైంది" అని హెచ్చరించారు.

గెలిచానని ఎగిరి గంతేశాను. శుక్రవారం సాయంత్రం ఊళ్ళో అక్క ఇంటి ముందు అందరూ ఉండగా చెప్పాను. ఆదివారం నేను బస్సులో వస్తున్నాను, నాతో ఇంకో నలుగురు విద్యార్థులు వస్తారు, ఆ రోజు మాకు చాలా ముఖ్యం అన్నాను. ఎందుకు ముఖ్యమో చెప్పలేదు. చెబితే ప్రభావితం చేసినట్టవుతుంది కదా. ఎంత పద్ధతైన మనిషినో. మర్నాడు పొద్దున్నే బస్సు బయల్దేరే చివరి ఊరికి వెళ్ళి, మిగతా నలుగురితో అక్కడ ఉన్నాను.

ఆదివారం ఎనిమిదిన్నరకి బస్సు మలుపు దగ్గర ఆగింది. తలుపు దగ్గర, ఫారాలు బిగించిన పలక పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ లేరు. డ్రైవరు హారను కొట్టాడు. కొండ మీద నుంచి ఎవరూ దిగి రాలేదు. ఐదు నిమిషాలు ఆగాం. పద్ధతి ప్రకారం రెండు నిమిషాలే ఆగాలి. చివరికి ఆ గడిలో సున్నా వేశాను.

ముంచింగిపుట్టు ఇంకా కొంచెం దూరముందనగా, ఆఖరి ఎత్తు దిగుతుంటే వాళ్ళు కనిపించారు. ఎనిమిది మందీ వరసగా రోడ్డు వారన నడుస్తున్నారు. అక్క అందరికంటే ముందుంది, నెత్తిన మూట. బస్సు చప్పుడుకి పక్కకి జరిగి మావైపు చూసి చేతులూపారు, నవ్వారు. డ్రైవరు బండి నెమ్మది చేసి "ఎక్కుతారేటి?" అని అడిగాడు. "నేదు, ఎల్లండి, ఎల్లండి" అన్నారు. నేను కిటికీలోంచి పలక ఊపాను. వాళ్ళంతా ఎంత హాయిగా ఉన్నారో అనిపించింది. పొద్దున్నే చల్లగాలి, కబుర్లు, నవ్వులు. నా సిద్ధాంతం రోడ్డు మీద నడుచుకుంటూ పోతున్నట్టుంది. దిగి ఎందుకు ఎక్కలేదని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగకూడదనుకున్నాను. నాకు అభిమానం ఎక్కువని గైడు అన్న మాట అప్పటికి గుచ్చుకునే ఉంది.

రిపోర్టులో ఆ మలుపు గురించి ఒక్క వాక్యం రాశాను. వాహనం అందుబాటులో ఉన్నప్పటికీ ఈ గ్రామస్థులు సామూహిక నడకకే మొగ్గు చూపుతున్నారు. ఆ సామూహిక అనే మాట కోసం పావుగంట ఆలోచించాను. గైడు దాని పక్కన ఎర్ర పెన్నుతో 'బాగుంది' అని రాశారు.

రిపోర్టు వెళ్ళిపోయిన వారానికి, మిగిలిన ఫారాలు తెచ్చుకోవడానికి కొండెక్కాను. పిల్లకి కొత్త రిబ్బన్లు తీసుకెళ్ళాను. అక్క అంబలి ముంత నా చేతికిచ్చి, పక్కన కూర్చుని, ఎన్నాళ్ళనుంచో దాచుకున్న మంచి కబురు అడిగినట్టు అడిగింది.

"ఆ ఆదోరం నీకు సీటు దొరికినాదా సెల్లీ?"

నాకు అర్థం కాలేదు. ఏ సీటన్నాను.

"మీరు అయిదుగురు గదా. మేం ఎనమండుగురం. మేం ఎక్కితే నువ్వు ఊరుకోవు, లెగిసి నిలబడిపోతావు. ఆయేల నిలబడి ఎంత కక్కుకున్నావో మర్సిపోనావేటి? నీకు ముక్కిమైన రోజన్నావు గదా. అందుకని మేం సీకటితోనే లెగిసి నడిసెల్లిపోనాం. మా మావని సిన్నమ్మకి అప్పసెప్పినాను. ఒక్క దినానికి ఏటైపోద్ది?"

ముంత కింద పెట్టేశాను. మంచం నాకిచ్చినట్టే బస్సు కూడా నాకే ఇచ్చేశారు. వాళ్ళ ఊళ్ళో వచ్చిన మనిషికి చోటివ్వడమంటే తాము తప్పుకోవడమే. నెల రోజులు ఆ మంచం మీద పడుకుని కూడా నాకు తెలియలేదంటే ఇక నేను చదివిన చదువెందుకు? అక్క ఏమైందని అడిగింది. ఎండలో వచ్చాను కదా, తల తిరుగుతోందన్నాను. నా మొహం కేసి కాసేపు చూసి ఊరుకుంది.

ఆ ఊళ్ళో ఫోను సిగ్నలు అందేది ఒక్క బండ మీదే. అక్కడికెక్కి గైడుకి ఫోను చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. అంతా విన్నారు. "రిపోర్టు వెళ్ళిపోయిందమ్మా. మొహమాటపడి ఎక్కలేదని ఇప్పుడు ఎలా రాస్తాం? కావాలంటే మళ్ళీ లెక్క తీసి, రెండోది పంపాలి. మీరు తీస్తానంటే నేను అడిగి చూస్తాను" అన్నారు. మళ్ళీ లెక్క తియ్యాలంటే నా థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఆ మాట ఆయన అనలేదు. నేనే అనుకున్నాను. ఆలోచించి చెబుతానన్నాను. ఆ ఆలోచన ఎప్పటికీ తెమల్లేదు.

కిందికి దిగేటప్పుడు అక్క మలుపు దాకా సాగనంపింది. దారంతా ఆమే మాట్లాడింది. "వచ్చే ఆదోరం రా. గుంట అడుగుతాది నిన్ను" అంది కూతుర్ని తలుచుకుని. వస్తానన్నాను. వెళ్ళలేదు. నెల తిరిగేసరికి బస్సు దగ్గర దారిన పోతోందని మాతో వచ్చిన ఒక విద్యార్థి చెప్పాడు. నాకు పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఏటా పిల్లలకి ఆ కొండవాళ్ళ గురించి పాఠం చెబుతాను. లెక్కపెట్టేవాళ్ళని చూసి లెక్కలోవాళ్ళు మారిపోతారని, జాగ్రత్త అని. చక్కగా నోట్సు రాసుకుంటారు. ఆ లెక్కపెట్టింది నేనేనని మాత్రం ఒక్క ఏడు కూడా చెప్పలేదు.

ఈ ఏడు అరకులో రెండు రోజుల సమావేశానికి పిలిచారు. కొండ ఊళ్ళకి రోడ్ల గురించే. రెండో రోజు ఎగ్గొట్టాను. షేరు జీపులో ముంచింగిపుట్టు వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో మలుపు దగ్గర దిగాను. ఇప్పుడు పైదాకా సిమెంటు రోడ్డు వేశారు. నేను మాత్రం పాత కాలిబాట కోసం వెతికాను. గడ్డి పట్టిపోయింది. అక్కడే దిక్కులు చూస్తుంటే స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చి ఆగింది. తెల్లకోటు మడిచి ముందు బుట్టలో పెట్టుకుంది.

"మీరు లెక్కల మేడం కదండీ? మా యమ్మ మీకు కూడా జడేసింది."

ఇరవై దాటిన పిల్ల. కింద ఆరోగ్య కేంద్రంలో నర్సు పని చేస్తోందట. తనే చెప్పింది, తాత పోయాడని, నాన్న ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాడని, అమ్మ మిరియాల చెట్ల దగ్గరికెళ్ళిందని, మధ్యాహ్నానికి దిగుతుందని. నన్ను వెనక ఎక్కించుకుంది. హాస్టలు రోజులు గుర్తున్నాయా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, అయినా అడిగాను.

"ఎందుకు గుర్తుండవు? మా యమ్మ మీద అప్పుడు ఎంత కోపమో నాకు" అని బండి నడుపుతూనే చెప్పసాగింది. "మొదట్లో బాగా వచ్చేది. పన్నెండు దాకా కూకునేది. తర్వాత ఏటయిందో, ఎప్పుడూ గేటేసేశాకే వచ్చేది. మేం భోజనాల వరసలో నిలబడితే గేటవతల నుంచి చెయ్యూపేది. మూట వాచ్‌మేన్ చేతికిచ్చేది. ఎందుకు ఆలస్యమని అరిస్తే, పడుకుండిపోయాను, బస్సు దాటిపోయింది అనేది. ప్రతివారం అదే మాట. అందరమ్మలూ రావడం మానేశారు, మా యమ్మ వచ్చినా పడుకుని లేచి వస్తాదని నాకు సిగ్గు. నాలుగైదు వారాలు మొహం తిప్పేసుకున్నాను. అయినా వచ్చేది."

బండి ఎత్తెక్కుతుంటే ఆమె భుజం పట్టుకున్నాను.

"సెలవులకి ఇంటికెళ్ళాక తెలిసింది, మలుపుకి బస్సే లేదని. నడిచొచ్చేదట. మరి అబద్ధం ఎందుకాడావంటే, బస్సు లేదంటే ఇంక అమ్మ రాదనుకుని ఏడుస్తావని, అంది. నిద్రమొహందని తిట్టుకుంటే తిట్టుకుంటావులే అనుకుందంట." నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "రెండేళ్ళు అలాగే, గేటవతల నుంచే మేడం. నా జడలు నేనే వేసుకోవడం నేర్చుకున్నాను."

ఆమె వీపు వెనక కూర్చుని, పట్టుకోవడానికి భుజం మీద వేసిన నా చెయ్యి తీసేశాను.

ఇంటికెళ్ళాం. పాత ఇంటి పక్కనే స్లాబు వేసిన గది. అమ్మాయి టీ పెడతానని లోపలికెళ్ళింది. నేను వాకిట్లో కూర్చున్నాను. పారిపోదామని రెండుసార్లు అనిపించింది. ఆటో ఎప్పుడుందో కూడా లోపలున్న అమ్మాయిని అడిగి కనుక్కున్నాను. అంతలో అక్క వెనక దారి నుంచి వచ్చింది. వీపున బుట్ట, జుట్టు సగం నెరిసింది, ముందు పన్ను ఒకటి లేదు. నన్ను చూసి ఆగింది. బుట్ట దించింది. "సెల్లీ" అంది. ఆ ఒక్క పిలుపు కోసం ఎన్నేళ్ళు మొహం వాచి ఉన్నానో అప్పుడు తెలిసింది నాకు. ఏడ్చేశాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

ఇంక ఆగలేదు. అమ్మాయి టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చినా ఆగలేదు. ఆ ఆదివారం లెక్క అని, మీరు ఎక్కకపోతే సున్నా వేశానని, నడకంటే మీకు ఇష్టమని రాశానని, ఆ రాతకే బస్సు దారి మార్చారని, సీటు సంగతి నువ్వు చెప్పాక కూడా నా చదువు చూసుకున్నాను తప్ప నోరు విప్పలేదని, మొత్తం చెప్పేశాను. అమ్మాయి గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నావైపు చూడలేదు, తల్లివైపు చూసింది.

"తెలుసు" అంది అక్క.

"ఎలా తెలుసు?"

"సీటు దొరికినాదా అంటే నీ మొకం మాడిపోనాది గదా. మల్లీ నెల్లో బస్సు రానేదు. నాకామాత్రం తెల్దేటి?"

"కోపం రాలేదా అక్కా?"

"వచ్చినాది. ఏల రాదు? గుంట నన్ను సూడకుండా మొకం తిప్పుకుంటే, గేటు కాడ నిలబడి నిన్ను ఎంతలేసి తిట్టుకున్నానో నీకేటి తెలుసు." బుట్టలో మిరియాల గుత్తులు ఒక్కొక్కటే తీసి చాప మీద పరిచింది. నేను తల వంచుకుని ఉన్నాను. బుట్ట ఖాళీ చేసింది ఆమె. తర్వాత గొంతు తగ్గించి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మూసేసిన గేటు కాడికి ఆదోరం ఆదోరం నడిసెల్లినాను సెల్లీ, దాని మొకం ఒక్కపాలి కనపడతాదని. నువ్వు ఒక్కపాలి రాలేకపోనావా?"